ఖనిజం దిగిపోయిన దారిలో మన భాష కూడా దిగిపోకూడదు



విశాఖలో చదువుకుంటున్న మన పిల్లలకి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద వర్క్‌షాప్ పెట్టాలని అనుకుంటున్నాం కదా. "ముందు ఉద్యోగాల సంగతి చూడండి, ఫ్రీగా పని చేసిపెట్టడం మనకెందుకు?" అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మనకి తెలిసినంతలో దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. పోస్టు కొంచెం పొడవు, ఓపిగ్గా చదవండి.

ముందు రైలు సంగతి. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో వేశారు. అరకు వెళ్లేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం గానీ, ఆ లైను వేసింది టూరిస్టుల కోసం కాదు, మన కోసమూ కాదు. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి, ఓడల్లో జపాన్‌కి పంపడానికి. ఖనిజం ఆదివాసీ కొండలది. ఉక్కు తయారైంది ఇంకెక్కడో. ధర కట్టింది ఇంకెవరో. కొండకి తిరిగొచ్చింది ఖాళీ వ్యాగన్లే.

భాష విషయంలోనూ ఇలాంటి ప్రమాదం ఉంది. గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాషా ఉద్యమం వల్ల అందరూ తలుచుకుంటారు. ఆయన అంతకుముందే పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి తెలుగు లిపిలో వాచకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర భాష మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం మద్రాసులో అచ్చయింది. ఆయన మీద మనకి గౌరవం ఉంది, ఉండాలి కూడా. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆయన్ని కూర్చోబెట్టి సవర నేర్పిన మన మనుషుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ప్రతి మాటా, ప్రతి పాటా ఇచ్చింది వాళ్లే కదా.

కొద్ది ఏళ్లకే, 1936లో, ఒడిశా వైపు సవరల్లోంచి మంగేయ్ గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ అనే లిపి తయారుచేశారు. అక్షరాలకి సవర దేవతల పేర్లు పెట్టారు. ఎవరో వచ్చి రాసిపెట్టేదాకా ఆగకుండా మన మనిషే చేసిన పని అది. అయితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడానికి ఇంకో డెబ్బై ఐదేళ్లు పట్టింది. 2012 జనవరిలో వచ్చిన యూనికోడ్ 6.1లో ఆ లిపికి చోటు దొరికింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు కేటాయించే పట్టిక. అందులో లేని లిపిని ఫోన్‌లో మామూలుగా టైప్ చేసి పంపుకోలేం.

గోండు అన్నదమ్ములదీ అదే దారి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో పెద్దలు దాచుకున్న రాతప్రతుల్లోని లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. మధ్యప్రదేశ్ గోండుల మసారం లిపి అంతకు ఏడాది ముందు, 2017లో చేరింది. ఇప్పుడు ఈ మూడు లిపులకీ నోటో ఫాంట్లు ఉన్నాయి. అవి ఓపెన్ లైసెన్సుతో వచ్చినవి. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు. తప్పుంటే "ఇక్కడ ఈ అక్షరం ఇలా ఉండాలి" అని రాసి పంపొచ్చు. మరి ఆ తప్పు పట్టుకోగలిగేది ఎవరు? ఆ లిపి చదవగలిగినవాళ్లే.

ఈ పద్ధతి ఎక్కడిదో కూడా చెప్పుకుందాం. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఒక మంచి షరతు పెట్టింది: ఈ ప్రోగ్రామ్ తీసుకో, మార్చుకో, కానీ మార్చింది పదిమందికీ పంచితే ఇదే హక్కు వాళ్లకీ ఇవ్వాలి. 1991లో లినక్స్ వచ్చింది. తెలుగులో 2003లో వికీపీడియా మొదలైంది. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ పుట్టి, లినక్స్‌ని తెలుగులోకి తేవడం, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు పెట్టడం మొదలుపెట్టింది. తెలుగు అంత పెద్ద భాషకే మనుషులు కూర్చుని ఒక్కో మాటా అనువదించాల్సి వచ్చింది. మన కువి, కొండ, గదబ, పోర్జ భాషలకి ఆ పని ఎవరు చేస్తారు?

వర్క్‌షాప్ ఎలా ఉండాలన్న దానికీ చరిత్ర ఉంది. 2010లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఓపెన్‌హ్యాచ్ అనే బృందం కాలేజీ పిల్లల కోసం ఇలాంటి వర్క్‌షాపులు మొదలుపెట్టింది. కోడ్ కొంత వచ్చినా, ఎక్కడ అడగాలి, ఎవరికి పంపాలి, ఏ చిన్న పనితో మొదలుపెట్టాలి అన్నది పిల్లలకి తెలియదు. వాళ్లు నేర్పింది ఆ దారే. మనకీ అదే కావాలి.

అందుకని మన ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. పొద్దున్న గంటల తరబడి ఇన్‌స్టాల్ చేసుకుంటూ కూర్చోకూడదు. కావలసినవన్నీ ముందే పెన్ డ్రైవుల్లో పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ లేని వాళ్లని జంటలుగా కూర్చోబెట్టాలి. చేయాల్సిన చిన్న పనులు ముందే ఏరి ఉంచాలి: ఒక బగ్ రిపోర్టు, ఒక అనువాదం, ఒక ఫాంట్ పరీక్ష. ప్రతి నలుగురైదుగురికి పక్కన ఒక సీనియర్ ఉండాలి. బీటెక్ వాళ్లకే కాదు, బీఏ తెలుగు చదివేవాళ్లకీ చోటుండాలి. భాష బాగా వచ్చినవాళ్లే ఇక్కడ అసలు నిపుణులు. సాయంత్రం వెళ్లేటప్పటికి ప్రతి ఒక్కరూ ఒక్క మార్పైనా పంపి ఉండాలి.

ఆ ఒక్క మార్పు ఎందుకంత ముఖ్యం? గిట్‌లో ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో పేరుతో సహా నిలిచిపోతుంది. గిడుగు గారికి భాష ఇచ్చినవాళ్ల పేర్లు మనం వెతుక్కోవాల్సి వస్తోంది. మన పిల్లల పేర్లు అలా వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఉద్యోగం గురించి అడిగినవాళ్లకీ జవాబు ఇదే. ఇంటర్వ్యూలో "నాకు వచ్చు" అని చెప్పడం వేరు, "నేను చేసింది ఇదిగో" అని తెరిచి చూపించడం వేరు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. ఓపెన్ అంటే అన్నీ తెచ్చి బయట పెట్టేయడం కాదు. కంపెనీలు ఇవాళ మాటలూ గొంతులూ పోగేసుకుంటున్నాయి. అదీ ఒక ఖనిజమే. కీబోర్డు, ఫాంట్, పదకోశం అందరికీ పంచుదాం. దేవతల పాటలు, గురువుల మంత్రాలు ఊరి పెద్దల మాట లేకుండా ఎక్కించకూడదు. ఏ లైసెన్సు పెడుతున్నామో తెలుసుకునే పెట్టాలి. వర్క్‌షాప్‌లో మొదటి గంట దీనికే ఇద్దామని మన ఆలోచన.

పోర్టుకి దిగే ఖనిజం మీద మన తాతలకి మాట చెల్లలేదు. మన భాష కంప్యూటర్‌లోకి ఎలా వెళ్లాలన్న దాని మీద మన మాట చెల్లించుకునే దారి ఇప్పుడుంది. అందుకే పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీ భాషలో ఫోన్‌లో కనిపించే పది మాటలకి, అంటే పంపు, వెతుకు, తెరువు, మూసేయి లాంటివాటికి, ఏమంటారో అమ్మమ్మనీ తాతనీ అడిగి రాసుకు రండి. రాసిచ్చిన వాళ్ల పేరు కూడా పక్కనే రాయండి. మొదటి వర్క్‌షాప్ ఆ కాగితాలతోనే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.