ఆన్‌లైన్ బ్రిడ్జి ఆటలో కాలపరిమితి: ఆలస్యానికి అడ్డుకట్ట, ఆలోచనకు అవకాశం

వత్రాప్ పరిసరాలలో కాలువ కింద, చెరువు కింద సేద్యం చేసే కుటుంబాలకు నీటి వంతు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. వంతు ముగిసినా ఒకరు మడవ మార్చకపోతే కింది మడివారి పైరు ఎండుతుంది. మేధస్సుకు పదును పెట్టే పేకాటగా పేరుపొందిన బ్రిడ్జిలోనూ ఇదే చిక్కు ఉన్నది. ఒక బల్ల వద్ద ఆలస్యమైతే తక్కిన బల్లలన్నీ వేచి ఉండవలసి వస్తుంది. ఈ ఆట కంప్యూటర్లకు, చేతి ఫోన్లకు మారిన తరువాత ఆలస్యాన్ని అదుపు చేయడానికి ఏర్పడిన కాలపరిమితి నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆట స్వరూపం

బ్రిడ్జి నలుగురు ఆడే ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. 52 ముక్కలను మనిషికి 13 చొప్పున పంచుతారు. మొదట వేలం జరుగుతుంది. ఏది తురుపో, ఎన్ని పట్లు పట్టవలసి ఉన్నదో అందులో నిశ్చయమవుతుంది. ఆ తరువాత 13 పట్ల ఆట సాగుతుంది. పోటీలలో ఒకే పంపకాన్ని అన్ని బల్లల వద్దా ఆడిస్తారు. అందువలన మంచి ముక్కలు వచ్చిన అదృష్టం కాక, వాటిని ఎవరు నేర్పుగా ఆడారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కొక్క పంపకాన్ని బోర్డు అంటారు. సాధారణంగా ఒక బోర్డుకు ఏడు నుండి ఎనిమిది నిమిషాలు కేటాయిస్తారు.

ఆలస్యం వలన నష్టమెవరికి?

20 బల్లలు గల పోటీలో 80 మంది ఆడుతారు. అన్ని బల్లలూ ఒకేసారి మారవలసిన పద్ధతిలో ఒక బల్ల పది నిమిషాలు ఆలస్యం చేస్తే, మిగిలిన 76 మందికీ తలా పది నిమిషాలు వృథా అవుతాయి. మొత్తం కలిపితే 12 గంటల 40 నిమిషాలు. అందుకే ఆలస్యం ఆ ఒక్క బల్లకు చెందిన స్వవిషయం కాదు. ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య 2017లో సవరించిన నియమావళి ప్రకారం, అనుచితమైన ఆలస్యానికి శిక్షగా మార్కులు తగ్గించే అధికారం పోటీ నిర్వాహకునికి ఉన్నది.

చదరంగపు గడియారం

కాలపరిమితి ఆలోచన చదరంగంలో ముందుగా స్థిరపడినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇసుక గడియారాలు వాడేవారు. 1883 లండన్ పోటీలో జంట గడియారాలు వచ్చాయి. ఎత్తు వేసిన ప్రతిసారీ కొన్ని క్షణాలు అదనంగా చేర్చే గడియారానికి బాబీ ఫిషర్ 1989లో పేటెంట్ పొందాడు. చెన్నైలో తెలుగు కుటుంబంలో జన్మించిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు, తొలి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 120 నిమిషాలు ఉండేవి.

అయితే చదరంగంలో ఎవరి గడియారం వారిదే. బ్రిడ్జిలో నలుగురికీ కలిపి ఒకే గడియారం. ఒకరు ఆలోచిస్తుంటే ముగ్గురి కాలం కరుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఆన్‌లైన్‌లో అనుసరించే పద్ధతులు

ఫ్రెడ్ గిటెల్‌మన్ 2001లో ప్రారంభించిన బ్రిడ్జి బేస్ ఆన్‌లైన్ వంటి వేదికలలో రెండు విధాల పోటీలు ఉన్నాయి. గడియారం లేని పోటీలో తమ బోర్డులు ముగించిన బల్లలవారు ముందుకు సాగుతారు. గడియారం గల పోటీలో సమయం తీరగానే అందరూ మారవలసినదే.

పూర్తికాని బోర్డు విషయంలో, జరగబోయే ఫలితం స్పష్టంగా కనిపిస్తే నిర్వాహకుడు దానినే ఇవ్వవచ్చు. ఫలితం రాబట్టలేని బోర్డుకు, తప్పులేని జోడీకి కనీసం 60 శాతం, ఆలస్యానికి కారణమైన జోడీకి గరిష్ఠంగా 40 శాతం, బాధ్యత పాక్షికమైతే 50 శాతం ఇచ్చే పద్ధతి నియమావళిలో ఉన్నది.

బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు ఎవరు ఆలస్యం చేశారన్నది వాదులాటకు దారితీసేది. కంప్యూటరు ప్రతి ముక్క పడిన క్షణాన్ని నమోదు చేయగలదు గనుక, నిర్వాహకునికి ఆధారం చేతిలో ఉంటుంది.

మౌనం కూడా సంకేతమే

బ్రిడ్జిలో కాలానికి మరొక అర్థం ఉన్నది. ఒకరు వేలంలో చాలాసేపు తటపటాయించి వదిలివేస్తే, చేతిలో కొంత బలం ఉన్నదని ఎదుటి జోడీదారు ఊహించగలడు. ఆ ఊహను ఆధారం చేసుకుని ఆడడం నియమ విరుద్ధం. కనుక అందరూ ఒకే వేగంతో ఆడడం మేలని నియమావళి చెబుతుంది. ఒక్కొక్క ముక్కకు ఇన్ని క్షణాలని మరీ బిగించి కడితే, కఠినమైన చోట ఆలోచించే హక్కు పోతుంది. బోర్డు మొత్తానికి పరిమితి పెడితే, సులభమైన చోట పొదుపు చేసిన కాలాన్ని కఠినమైన చోట వాడుకోవచ్చు.

తీగ తెగితే తప్పెవరిది?

కొండ దిగువ గ్రామాలలో సిగ్నల్ నిలకడ లేకపోవడం తెలిసినదే. ఈ బాధ పెద్ద పోటీలకూ తప్పలేదు. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ చదరంగ ఒలింపియాడ్ తుదిపోరులో ఇంటర్నెట్ అంతరాయం వలన భారత జట్టులోని నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ సమయం కోల్పోయి ఓడిపోయినట్లు నమోదయినది. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక కూడా ఆ జట్టులోని వారే. భారత్ అప్పీలు చేయగా, రష్యాతో కలిపి ఇరుజట్లనూ విజేతలుగా ప్రకటించారు. గడియారం న్యాయంగానే నడుస్తుంది. కారణమేమిటో మాత్రం మనిషే విచారించాలి.

ఇంటి నుండి ఆడేవారికి

• నిలకడైన సిగ్నల్, చార్జి ఉన్న ఫోన్ లేనిదే గడియారం గల పోటీలో చేరరాదు.
• కొత్తవారు, వయోధికులు గడియారం లేని పోటీలతో మొదలుపెట్టడం ఉత్తమం.
• మిగిలిన పట్లన్నీ తమవేనని తెలిసినప్పుడు ఆ సంగతి ప్రకటించి బోర్డు ముగించవలెను. ప్రత్యర్థిని చికాకు పరచడానికి సాగదీయడం మర్యాద కాదని నియమావళే చెబుతున్నది.
• లైను తెగితే, తిరిగి చేరిన వెంటనే నిర్వాహకునికి తెలుపవలెను.
• డబ్బు పందెం పెట్టే ఆటలకు దూరంగా ఉండవలెను. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని, అందులోని అదృష్టపు పాలు బ్రిడ్జి పంపకంలోని దాని వంటిదేనని సుప్రీంకోర్టు 1967లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో పేర్కొన్నది. అయినను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పుతో పనిలేకుండా, ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించినది.

2018 జకార్తా ఆసియా క్రీడలలో పురుషుల జోడీ విభాగంలో శిబ్‌నాథ్ సర్కార్‌తో కలిసి స్వర్ణం గెలిచినప్పుడు ప్రణబ్ బర్ధన్ వయస్సు 60 సంవత్సరాలు. వయస్సు ఈ ఆటకు అడ్డు కాదు. తన వంతు కాలాన్ని తాను వాడుకుని, ఎదుటివారి కాలాన్ని వారికి వదలడమే కాలపరిమితి నియమాల సారాంశం.