పాత పాటా? పాత బాణీ పాటా?

పాత పాటల కోసమే ఏర్పడిన రేడియో కార్యక్రమాలలో, పాత బాణీలో కట్టిన కొత్త పాటలకు చోటివ్వవచ్చునా? ఇది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. దీని వెనుక కొంత చరిత్ర ఉన్నది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. నాలుగేళ్లు నిండేలోపే, 1952లో, కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుండి సినిమా పాట దాదాపు కనుమరుగైంది. శాస్త్రీయ సంగీతాన్ని నిలబెట్టాలన్నది ఆయన సంకల్పం. శ్రోతలు మాత్రం రేడియో ముల్లును సిలోను వైపు తిప్పారు. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసింది. నేడు ఆపాతమధురాలని మనం మురిసిపోయే ఆనాటి పాటలే ఒకప్పుడు రేడియోకు తగనివిగా ఎంచబడ్డాయన్నమాట!

ఇక ‘పాత’ అన్న మాటకు హద్దు ఎక్కడ? 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సుశీల గళాన సత్యభామ పాడే ప్రసిద్ధ గీతం, అంతకు ఎన్నో ఏళ్ల ముందే స్థానం నరసింహారావు తన స్త్రీపాత్ర కోసం రచించుకొని రంగస్థలంపై పాడినది. పాత సినిమా పాటలోనే అంతకన్న పాత పాట దాగి ఉన్నది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు, మన పెదకళ్లేపల్లి వేటూరి వారి కొత్త రచనలు త్యాగరాజ, రామదాసుల కీర్తనల సరసన ఒదిగి కూర్చున్నాయి. అవీ ఇప్పుడు పాత పాటలే. కనుక కొత్తవాటిని అంటరానివిగా చూడడం న్యాయం కాదు.

అయితే 2018లో వచ్చిన ‘మహానటి’ని చూడండి. విజయవాడలో పెరిగిన సావిత్రి కథ అది. అందులో ‘మూగ మనసులు’ అన్న పాట ఉన్నది. రచన సిరివెన్నెల, స్వరకల్పన మిక్కీ జె. మేయర్. మధురమైన పాటే. కాని 1964లో సావిత్రి నటించిన చిత్రం పేరూ అదే. ఏ వివరమూ చెప్పక ప్రసారం చేస్తే, కొత్త తరం శ్రోత దానిని ఆ చిత్రంలోనిదే అనుకోడా? అనుకరణ ఎంత బాగుంటే భ్రాంతి అంత బలపడుతుంది.

పాత పాట ఒక బాణీ మాత్రమే కాదు, ఒక సాక్ష్యం. గాయకులు, వాద్యబృందం ఒకేచోట కూడి, ఎవరు తడబడినా మళ్లీ మొదటినుండి పాడుతూ ముద్రించిన కాలం దానిలో వినబడుతుంది. పైగా అరగంటలో పట్టేవి ఏడెనిమిది పాటలే. కొత్తది ఒకటి చేరితే పాతది ఒకటి తప్పుకోవాలి. కొత్తదానికి వేయి దారులున్నాయి. వణుకూరు బిడ్డ పెండ్యాల కట్టిన మరుగునపడ్డ పాటకు రేడియో తప్ప దిక్కెవరు?

అందుచేత నా తీర్పు ఇది: పాత బాణీ కొత్త పాటలకు వేరే కార్యక్రమం కల్పించండి. చిత్రం, రచన, సంగీతం, గానం అని ప్రకటించే మన ఆకాశవాణి మర్యాదకు సంవత్సరాన్ని కూడా జోడించండి. పాత పాటల వేళను మాత్రం పాత పాటలకే విడిచిపెట్టండి.