నలభై తొమ్మిదో కమాను దాకా

వేసవి పొద్దు. వైనతేయ చిక్కిపోయి పారుతోంది. పి.గన్నవరం గట్టు దిగి ఇసుకలో కాలు పెట్టండి. పాత అక్విడెక్టు మొదటి కమాను నీడ చల్లగా మీద పడుతుంది. చేతిలో ఫోను, జేబులో టేపు, చంకలో నోటుపుస్తకం. ఇవాళ్టి పనికి ఇంతే సరంజామా.

లెక్క గన్నవరం వైపు నుంచి మొదలు. ఒకటో కమానుకు ఎదురుగా ఒక ఫొటో. రావిమొక్క వేరు దిగిన చోట, పక్కన టేపు ఆనించి, ఇంకోటి. తర్వాత రెండు, మూడు... నడి ఏటి కమానులకు నావ ఎక్కాల్సిందే. మొత్తం 49. ఒక్కోటీ 40 అడుగులు. గుణిస్తే 1,960 అడుగులు; స్తంభాల మందం దీనికి అదనం.

ఇంత కట్టడం ఎందుకంటారా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినా, ఏటి అవతల నగరం లంక చేలకు నీరందాలంటే కాలువే ఏరు దాటాలి. దాటించారు. కాటన్ దొర కింద పనిచేసిన ఇంజనీరు హేగ్ 1850లలో దీన్ని కట్టించాడు. కింద ఏరు దక్షిణానికి, పైన కాలువ పడమటికి! 2000లో పక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది. దానికి లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

గట్టుమీద గేదెను తోలుకెళ్తున్న పెద్దాయన ఆగుతాడు.

“ఎనభై ఆరు వరదకి నీరెంత దాకా వచ్చిందండీ, తాతగారూ?”

“ఆయ్, అదిగోనండి, ఆ కొబ్బరి మొదలు దాకా.”

మొదలుకీ గట్టుకీ మధ్య ఎత్తు కొలవండి. పక్కన ‘పెద్దాయన మాట’ అని రాయండి. కొలిచింది వేరు, విన్నది వేరు, రెండూ కావాలి.

ఎండ వీపు మీదికి ఎక్కేసరికి నలభై తొమ్మిదో కమాను చేరతారు. ఇంటికెళ్లాక ఫొటోలన్నీ తేదీ, కమాను నంబరుతో వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించండి. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. ఒక్కసారి తీసిన ఫొటో అందం చూపిస్తుందేగానీ, పగులు పెరిగిందో లేదో చెప్పదు. అది తెలియాలంటే రెండో ఫొటో ఉండాలి.

అందుకే, ఎర్రనీరు వచ్చి తీశాక మళ్లీ రండి. నిలబడిన చోటే నిలబడి, ఆ 49 కమానులూ మరోసారి తీయండి.