నల్లమల యాత్రలో ఎలుగుబంట్ల నుండి రక్షణ, ఆహార భద్రత

నల్లమల, వెలికొండ అడవులలో కాలినడకన తిరిగే భక్తులు, పర్వతారోహకులు, గుడారాలు వేసుకొని బస చేసే యాత్రికులు ఎలుగుబంటి బారిన పడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను, వెంట తీసుకొనిపోయే ఆహార పదార్థాలను భద్రపరచవలసిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒంగోలు చుట్టుపట్ల పత్తి, మిరప పండే మైదానంలో ఎలుగుబంట్లు లేవు. అయితే ఒంగోలు నుండి పడమరగా సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి మార్కాపురం చేరినచో నల్లమల కొండలు దగ్గరపడతాయి. అక్కడి నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డు ఎలుగుబంట్లకు, చిరుతలకు, పెద్దపులులకు నిలయమైన నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. మైదానవాసులలో చాలామందికి అడవితో పరిచయం ఈ దారిలోనే కలుగుతుంది.

జంతువు పరిచయం

ఆంధ్ర, తెలంగాణ అడవులలో కనిపించే ఎలుగుబంటి శాస్త్రీయ నామం మెలర్సస్ అర్సినస్. దీనిని ఎలుగు, ఎలుగుగొడ్డు, గుడ్డెలుగు అని కూడా అంటారు, సంస్కృతంలో భల్లూకం. 1791లో జార్జ్ షా అను ఆంగ్ల శాస్త్రవేత్త దీని పొడవాటి గోళ్ళను, దంతాలను చూసి, ఇది దక్షిణ అమెరికా చెట్లపై నివసించే స్లాత్ అను మందగమన జంతువుకు బంధువని పొరబడి పేరు పెట్టాడు. పొరపాటు తరువాత సవరించబడినది కాని ఇంగ్లీషులో స్లాత్ బేర్ అను పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ పేరు విని ఇది మందకొడి జంతువని ఎవరైనా భావిస్తే ప్రమాదమే. ఇది మనిషి కంటె వేగంగా పరుగెత్తగలదు.

మగ ఎలుగు 80 నుండి 145 కిలోల వరకు, ఆడ ఎలుగు 55 నుండి 95 కిలోల వరకు తూగుతుంది. ఒళ్ళంతా నల్లని దట్టమైన జూలు, రొమ్ముపై తెల్లని నామం వంటి గుర్తు, ముందు కాళ్ళకు పది సెంటీమీటర్ల వరకు పెరిగే వంపు గోళ్ళు దీని ఆనవాళ్ళు. చెదలు, చీమలు దీని ముఖ్యాహారం. పై వరుసలో నడిమి పళ్ళు రెండు ఉండవు. ముక్కురంధ్రాలు మూసుకొని, పెదవులను గొట్టంలా చాచి, ఆ సందు గుండా చెదలను పీల్చుకుంటుంది. అప్పుడు వచ్చే చప్పుడు వంద మీటర్ల దూరం వరకు వినిపిస్తుంది. అడవిలో అటువంటి బుసబుస శబ్దం విన్నవారు అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనుదిరగడం మంచిది. వేసవి మొదట్లో ఇప్పపువ్వు, తరువాత తునికి, నేరేడు, మేడి, రేల కాయలు, శీతకాలంలో రేగుపళ్ళు, అన్ని కాలాలలోను తేనె దీనికి ప్రీతిపాత్రమైనవి.

దీని చూపు మందం, వినికిడి అంతంతమాత్రం, వాసన పసిగట్టే శక్తి మాత్రం అపారం. ఈ మూడు సంగతులను గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయే జాగ్రత్తలన్నిటికీ కారణం తెలిసినట్లే.

దాడి చేయుటకు కారణం

ఎలుగుబంటి మనిషిని తినడానికి వేటాడే జంతువు కాదు. అయినను భారతదేశంలో మనుషులను తరచుగా గాయపరిచే అడవి జంతువులలో ఇది ఒకటి. దీనికి జీవశాస్త్రజ్ఞులు చెప్పే వివరణ ఆసక్తికరమైనది. అమెరికా నల్ల ఎలుగుబంటి ఆపద వస్తే చెట్టెక్కి తప్పించుకుంటుంది. మన ఎలుగుకు ఆ దారి లేదు. అది చెట్టెక్కగలదు, తేనె కోసం, పండ్ల కోసం ఎక్కుతుంది కూడా. కాని దాని తరతరాల శత్రువులైన పులి, చిరుతలలో చిరుత చెట్టెక్కడంలో దిట్ట. కనుక ఎదురు తిరిగి, అరిచి, మీదపడి శత్రువును బెదరగొట్టడమే దానికి అలవడిన ఆత్మరక్షణ. చూపు ఆనక, గాలి ఎదురుగా వీచి వాసన తగలక, మనిషి హఠాత్తుగా పది అడుగుల దూరంలో ప్రత్యక్షమైనప్పుడు అది మనిషికి, పులికి భేదం చూడదు. వెనుక కాళ్ళపై నిలిచి ముఖాన్ని, తలను గోళ్ళతో చీల్చుతుంది. గాయపడి బ్రతికినవారిలో కన్ను, ముక్కు, దవడ కోల్పోయినవారు ఉండడానికి ఇదే కారణం.

పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు మరీ ప్రమాదకరం. ఎక్కువగా శీతకాలంలో గుహలలోను, బండల సందులలోను ఒకటి లేదా రెండు పిల్లలను ఈని, రెండు మూడు నెలల తరువాత వాటిని వీపుపై ఎక్కించుకొని బయటకు తెస్తుంది. శివరాత్రి, ఉగాది యాత్రలు సరిగా ఆ రోజులలోనే వస్తాయి.

ఎలుగుబంటి మనిషిని పట్టుకొని చక్కిలిగింతలు పెట్టి చంపుతుందని పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. దానికి ఆధారం లేదు. అలాగే చిన్న తరగతుల పిల్లలకు చెప్పే ఇద్దరు స్నేహితుల కథలో ఒకడు చెట్టెక్కుతాడు, రెండవవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్లు పడుకొని బ్రతుకుతాడు. స్నేహం గురించి చెప్పడానికి ఆ కథ చక్కనిదే. ప్రాణరక్షణకు మాత్రం సగమే పనికివస్తుంది: చెట్టెక్కినవాడు ఎలుగుకు అందకుండా పోడు, పడుకున్నవాడు వెల్లకిలా పడుకోరాదు.

నడక దారులు, వేళలు

శ్రీశైలానికి కాలిబాటన వెళ్ళే భక్తులు ఆత్మకూరు వైపు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతారు. ఉగాదికి కర్ణాటక భక్తులు వేల సంఖ్యలో ఈ దారిన నడుస్తారు. ఇటువంటి పెద్ద సమూహాల జోలికి ఎలుగు సామాన్యంగా రాదు. గుంపు నుండి విడిపోయి ముందుగానో వెనుకగానో నడిచే ఒకరిద్దరికే ముప్పు. ఎండకు తాళలేక తెల్లవారకముందే, లేదా పొద్దుగూకిన తరువాత నడవడం యాత్రికులకు అలవాటు. ఎలుగు సైతం అదే ఎండకు తాళలేక అవే వేళలలో మేతకు, నీటికి బయలుదేరుతుంది. వేసవిలో కుంటలు, చెలమలు ఎండిపోయి మిగిలిన ఒకటి రెండు నీటి తావులకు మనుషులు, మృగాలు కలిసే చేరవలసి వస్తుంది. కనుక నీటి వద్ద విశ్రమించరాదు. నీళ్ళు పట్టుకొని దూరంగా పోయి కూర్చొనవలెను. బహిర్భూమికి చీకటిలో ఒంటరిగా పొదల చాటుకు పోవడం అన్నిటికంటె ప్రమాదకరం.

నడిచేటప్పుడు బిగ్గరగా మాట్లాడుకోవడం, భజన చేయడం, చేతికర్రతో బండలను తట్టడం, కర్రకు మువ్వలు కట్టుకోవడం వలన ఎలుగుకు ముందే హెచ్చరిక అంది, తప్పుకొనే అవకాశం దొరుకుతుంది. చెవులకు పాటల యంత్రాలు తగిలించుకొని నడిచే నేటి యువకులు అడవికి చెవిటివారై పోతున్నారు. మలుపులు, బండల గుహలు, వాగు గట్లు, పెద్ద పుట్టలు ఉన్న చోట చప్పుడు మరింత అవసరం. పుట్టలో కొత్తగా తవ్విన లోతైన గుంటలు, పండ్ల గింజలతో నిండిన పేడ కనిపిస్తే ఎలుగు సమీపంలోనే ఉన్నదని గ్రహించవలెను.

దోర్నాల - శ్రీశైలం మార్గంలో సాధారణ దినాలలో రాత్రి తొమ్మిది గంటల తరువాత వాహనాలను అటవీ తనిఖీ కేంద్రాల వద్ద ఆపివేస్తారు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కనుక తమకు తోచిన చోట గుడారం వేసి వంట చేసుకోవడం నల్లమలలో కుదరదు. బైర్లూటి, పచ్చర్ల వంటి చోట్ల అటవీ శాఖ ఏర్పాటు చేసిన విడుదులు ఉన్నాయి.

ఆహార పదార్థాలను భద్రపరచడం

ఈ విషయమై వెలువడిన పుస్తకాలు, కరపత్రాలు ఎక్కువగా అమెరికావి. అక్కడి నియమాలను ఉన్నవి ఉన్నట్లు ఇక్కడ అనుసరించడం సరి కాదు. ఉదాహరణకు ఎలోస్టోన్ జాతీయ వనంలో ఆహారపు సంచిని నేలకు పది అడుగుల ఎత్తున, చెట్టు మొదలుకు నాలుగు అడుగుల ఎడంగా తాడుతో వ్రేలాడదీయమంటారు. మన ఎలుగు తేనెపట్టు కోసం చిటారు కొమ్మకు పాకే జంతువు.  ఇక్కడ పాటించదగినది ఇంకొక పద్ధతి: వాసన పుట్టించకుండా ఉండడం, పుట్టిన వాసనను నిద్రించే చోటికి దూరంగా ఉంచడం.

మన ప్రయాణపు మూట చూస్తే అందులో ఎలుగుకు ఇష్టం కానిది తక్కువ. బెల్లం, అరటిపండ్లు, వేరుశనగ ఉండలు, కొబ్బరికాయలు, నెయ్యి, పులిహోర, లడ్డు ప్రసాదం అన్నీ దూరానికి వాసన కొట్టేవే. వీటిని గుడ్డ సంచులలో, పలుచని ప్లాస్టిక్ కవర్లలో కాక బిగుతైన మూత గల స్టీలు డబ్బాలలో పెట్టుకొనవలెను. మూతకు ఆనుకొని కారిన నూనెను తుడిచివేయవలెను. తినడం, వండడం పడుకునే చోటికి కనీసం వంద అడుగులు ఎడంగా, గాలివాలు చూసి చేయాలి. రాత్రికి డబ్బాలను గుడారంలో తలక్రింద పెట్టుకోరాదు. విడిది గృహమైతే తలుపు గడియ పడే గదిలో, వాహనం ఉన్నచో అద్దాలు మూసిన వాహనంలో ఉంచవచ్చును. పళ్ళ పొడి, సబ్బు, తలనూనె సైతం వాసన గలవే కనుక ఆహారంతో పాటే ఉంచవలెను. వంట చేసిన బట్టలు మార్చుకొని పడుకోవడం మరింత మేలు.

ఎంగిలి ఆకులు, అరటి తొక్కలు, కొబ్బరి చిప్పలు మట్టిలో పాతిపెడితే చాలునని చాలామంది అనుకుంటారు. మూడడుగుల లోతున ఉన్న చెదపురుగును తవ్వి తీసే జంతువుకు జానెడు మట్టి అడ్డం కాదు. మిగిలినవన్నీ సంచిలో కట్టి ఊరికి తిరిగి తేవలసినదే.

దేవాలయాల దగ్గర ఈ సమస్య వేరొక రూపంలో ఉన్నది. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వంటి చోట్ల ఎలుగుబంట్లు రాత్రిపూట గుడిలో దూరి దీపపు నూనె తాగిన, కొబ్బరి ముక్కలు తిన్న ఉదంతాలు తరచుగా పత్రికలలో వస్తుంటాయి. చదవడానికి వినోదంగానే ఉంటుంది. మనిషి వాసనకు, ఆహారానికి లంకె కుదిరిన ఎలుగుకు భయం పోతుంది. భయం పోయిన ఎలుగు ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో గాయపరుస్తుంది, ఆ తరువాత దానికీ ఆయువు ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లా ఘుంచాపాలి చండీమాత గుడిలో ఎలుగులకు ప్రసాదం తినిపిస్తారు. కర్ణాటకలోని దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యంలో సందర్శకులకు కనిపించేందుకు బండలపై బెల్లం పాకం పూస్తారు. దరోజిలో సందర్శకులు దూరపు గోపురం మీదనే ఉంటారు కనుక అపాయం తక్కువ, అయినను ఇది అనుసరించదగిన ఆదర్శంగా కనిపించదు.

తిరుమల అలిపిరి కాలిబాటలో 2023 ఆగస్టులో ఒక ఆరేళ్ళ బాలిక చిరుత వాతపడి మరణించిన తరువాత, నడిచి వెళ్ళే భక్తులకు చేతికర్రలు ఇవ్వడం, దారిలో జంతువులకు తిండి పెట్టడాన్ని నిషేధించడం జరిగినది. ఆ కాలంలోనే అదే పరిసరాలలో ఎలుగుబంటి సంచారం కూడా గమనించబడినది.

ఎదురైనప్పుడు

ఎలుగు దూరంగా ఉండి చూడకపోతే మాట్లాడకుండా వెనుకకు తగ్గవలెను. చూసినచో పరుగెత్తరాదు, రాళ్ళు విసరరాదు. దానివైపే ముఖం ఉంచి, నెమ్మదిగా మాట్లాడుతూ, ఒక్కొక్క అడుగే వెనుకకు వేయాలి. పిల్లలను గుంపు మధ్యకు తీసుకొనవలెను. అది వెనుక కాళ్ళపై లేచి నిలబడితే దాడికి దిగుతున్నదని కాదు. మసక చూపుతో ఎదుట ఉన్నదేమిటో తెలుసుకొనే ప్రయత్నం కావచ్చును. మీదపడినచో బోర్లా పడుకొని, చేతివేళ్ళు మెడ వెనుక పెనవేసి, మోచేతులతో ముఖాన్ని కాపాడుకోవలెను. వీపున సంచి ఉంటే విప్పరాదు, అదే కవచం. అది పూర్తిగా వెళ్ళిపోయినదని తెలిసే వరకు లేవరాదు. మన ఎలుగు తినడానికి కాక భయపడి దాడి చేస్తుంది కనుక, ఎదుటివాడి నుండి ముప్పు లేదని తోచిన వెంటనే చాలావరకు వదలిపోతుంది.

అమెరికాలో బేర్ స్ప్రే అను సాధనం ఉన్నది. అందులో మంట పుట్టించేది మిరపకాయలోని కాప్సైసిన్. మిరప పండే జిల్లాలవారికి ఇది విని, కారప్పొడి పొట్లం జేబులో వేసుకుంటే చాలదా అను ఆలోచన కలగడం సహజం. చాలదు. స్ప్రే డబ్బాలోని ఒత్తిడి వలన కారపు పొగ అనేక అడుగుల దూరం మేఘంలా వ్యాపిస్తుంది. చేతితో విసిరిన కారం మూడు నాలుగు అడుగులు దాటదు, గాలి తిరిగితే విసిరినవాడి కళ్ళలోనే పడుతుంది.

గాయపడినవారికి మొదట శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి రక్తం ఆపాలి. 108కు కబురు చేయాలి. రక్తస్రావం అదుపులోకి వచ్చిన తరువాత గాయాలను సబ్బు నీటితో పావుగంట సేపు కడగాలి. గాయం మానినట్లే కనిపించినా ధనుర్వాతపు సూది, రేబిస్ టీకాలు తప్పనిసరి. అడవి జంతువు కాటును వైద్యులు అత్యంత తీవ్రమైన మూడవ తరగతి గాయంగా పరిగణిస్తారు. అటవీ శాఖకు వెంటనే తెలియజేసి, వైద్య పత్రాలు భద్రపరచుకున్నచో ప్రభుత్వ నష్టపరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చును.

ఉద్దానం ఉదంతం

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాలలోని జీడితోటలలో ఒక ఎలుగుబంటి దాడి చేయగా ఒక రైతు మరణించాడు. మరునాడు మరికొందరు గాయపడ్డారు. అధికారులు మత్తుమందు ప్రయోగించి దానిని బంధించారు. తరలింపు సమయంలో ఎలుగు సైతం మరణించినది. ఉద్దానంలో జీడిపండ్లు, పనసపండ్లు తోటలలో రాలి ఉండే కాలంలో ఎలుగులు ఊళ్ళ దగ్గరకు రావడం కొత్త కాదు. రాలిన పండ్లను సాయంత్రానికల్లా ఏరివేయడం, తెల్లవారుజామున ఒంటరిగా తోటకు పోకుండా ఉండడం, ఎలుగు కనిపించినప్పుడు గుంపుగా చేరి తరమకుండా దానికి పారిపోయే దారి వదలడం అక్కడి వారికి సైతం వర్తించే జాగ్రత్తలే.

విదేశాలలోని తెలుగువారు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులలో యోసెమిటీ, ఎలోస్టోన్ వనాలకు వెళ్ళడం పరిపాటి. అక్కడి నల్ల ఎలుగుబంట్లు మన వాటికి భిన్నంగా ఆహారం కోసమే మనిషిని వెతుకుతాయి. 1998లో ఒక్క యోసెమిటీలోనే 1,500కు పైగా ఇటువంటి సంఘటనలు నమోదయ్యాయి. వాటిలో చాలావరకు కార్ల తలుపులు పెరికి తిండి దోచుకున్నవే. కనుక నల్లమలలో చెప్పిన వాహనపు సలహా యోసెమిటీలో పనికిరాదు. చీకటి పడిన తరువాత కారులో ఆవకాయ సీసా కాదు, ఖాళీ టిఫిను డబ్బా కూడా ఉంచరాదు. బస చేసే చోట అమర్చిన ఇనుప పెట్టెలలోనే పెట్టి గొళ్ళెం వేయాలి. అడవి లోపలికి నడిచిపోయేవారు ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలను మోసుకొని వెళ్ళాలి. నియమం మీరినవారికి జరిమానా విధిస్తారు.