కొయ్యకాళ్ల మీద నిలబడ్డ సభ

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన సామెత. అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో చెప్పిందీ దాదాపు ఇదే. ఊరందరిదీ అయిన పచ్చికబయల్లోకి ప్రతివాడూ ఇంకో పశువును తోలతాడు, చివరికి గడ్డిపరకైనా మిగలదు. అంతకు మూడేళ్ల ముందే ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్, ఎవరి లాభం వారు చూసుకునే పెద్ద గుంపులో ఉమ్మడి పనికి ఎవరూ చేయి వేయరని వాదించాడు. ప్రధాన స్రవంతి సిద్ధాంతం ఈ రోగానికి రెండే మందులు రాసింది: సర్కారు పగ్గం పట్టాలి, లేదా ఆస్తిని పంచి ఎవరి ముక్క వారికివ్వాలి.

కర్నూలు జిల్లాలో కొన్ని ఊళ్లు ఈ రెంటి కోసమూ ఆగలేదు.

ఆ జిల్లా కాలువ కింది ఊళ్లు తిరిగి పరిశోధకుడు రాబర్ట్ వేడ్ రాసిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ 1988లో వచ్చింది. అందులో ఒక ఊరికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టాడు. అక్కడ సర్కారు పంచాయతీతో సంబంధం లేకుండా ఊరివాళ్లే ఒక సభ నడుపుకునేవారు. మళ్లకు నీళ్లు పారించేందుకు మనుషుల్ని, పైరు పశువుల పాలు కాకుండా కాపలావాళ్లను ఆ సభే పెట్టేది. దానికి సొంత నిధి కూడా ఉండేది. నిధికి డబ్బు ఎక్కడిది? కోతలయ్యాక కొయ్యకాళ్ల మీద మేతకు గొర్రెల మందలు దిగుతాయి. కాపరికి మేత కావాలి, రైతుకు పెంట కావాలి. పొలాలు ఎవరివి వారివే, మేత మాత్రం ఊరిది. ఆ మేత హక్కును అమ్మి, వచ్చిన సొమ్ము నిధిలో వేసేవారు. సామెతలో చచ్చిన గొర్రె ఇక్కడ సభకు తిండి పెట్టింది!

అయితే కొద్ది మైళ్ల అవతల మరో ఊళ్లో ఇలాంటిదేమీ లేదు. తేడా మనుషుల మంచితనంలో లేదని వేడ్ తేల్చాడు. కాలువ చివరి భూములకు నీరందడమే గండం. అక్కడ కలవకపోతే పంట ఎండుతుంది. కాలువ మొదట్లో ఉన్న ఊరికి ఆ అగత్యం లేదు. అంటే లాభనష్టాల లెక్క అనే పాత తక్కెడతోనే ఆయన పాత జోస్యాన్ని తప్పని చూపాడు.

కొత్తపల్లె సభలాంటి కట్టుబాట్లను, వ్యవస్థలను పట్టించుకునే సంస్థాగత ఆర్థికశాస్త్రానికి ప్రధాన స్రవంతితో మొత్తం ఇలాంటి కలహకాపురమే. సుఖదుఃఖాలను గణించే యంత్రంగా మనిషిని చూపడాన్ని థోర్‌స్టీన్ వెబ్లెన్ 1898లోనే ఎగతాళి చేశాడు. 1918లో వాల్టన్ హామిల్టన్ ఆ విమర్శ ధోరణికి ‘సంస్థాగత ఆర్థికశాస్త్రం’ అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గణిత నమూనాల హోరులో అది మూలకు చేరింది. తిరిగి వచ్చింది మాత్రం వేరే దుస్తుల్లో: ఒప్పందానికయ్యే ఖర్చును లెక్కలోకి తెచ్చిన రోనాల్డ్ కోస్‌కు 1991లో, డగ్లస్ నార్త్‌కు 1993లో నోబెల్ దక్కింది. వెబ్లెన్ వీళ్లను శిష్యులుగా ఒప్పుకునేవాడా అంటే అనుమానమే.

వేడ్ పరిశీలనలను 1990లో తన పుస్తకంలో వాడుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ అసలు రాజనీతిశాస్త్రవేత్త. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే.

ఇక కొత్తపల్లె ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ప్రభుత్వం చట్టం చేసి, ఒక్క ఊపున 10 వేలకు పైగా నీటి సంఘాలను పుట్టించింది. కాలువ మొదటి ఊరికీ, చివరి ఊరికీ ఒకే నమూనా. కొత్తపల్లె కథ అచ్చయి అప్పటికి తొమ్మిదేళ్లు.