అండమాన్‌లో ఇల్లు, స్థలం కొనుగోలు: పెట్టుబడిదారులు పరిశీలించవలసిన అంశాలు

అండమాన్ నికోబార్ దీవులతో తెలుగువారి అనుబంధం పాతది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3,80,581 మందిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో అనేకుల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఉన్నాయి. బంధువుల ద్వారా అక్కడ ఇల్లు లేదా స్థలం కొనదలచినవారు ముందుగా గ్రహించవలసినది ఒకటుంది: దీవుల భూచట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాల వంటిది కాదు.

కొనుగోలుదారుకు దక్కేది ఏమిటి?

1966 నాటి భూ రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం దీవుల్లోని భూమి కేంద్ర ప్రభుత్వానిదే. వ్యక్తులకు ఉండేది ఆ రెగ్యులేషన్ కింద లభించిన హక్కు మాత్రమే. ఎంతకాలం అనుభవంలో ఉన్నా, దానివల్లనే హక్కు సంక్రమించదు. ఆక్యుపెన్సీ కౌలుదారు, గ్రాంటీ, లైసెన్సీల హక్కులు సమానం కావు. అందువల్ల ధర మాట్లాడుకోవడానికి ముందే విక్రేత ఏ తరగతికి చెందినవారో, ఆ హక్కు బదిలీకి వీలైనదో కాదో తేల్చుకోవాలి.

ఏ పత్రాలు చూడాలి?

రెవెన్యూ కార్యాలయం నుంచి హక్కుల రికార్డు, సర్వే పటం తాజా నకళ్లు స్వయంగా తీసుకోవాలి. భూమి వ్యవసాయానికి కేటాయించినదైతే, నివాస స్థలంగా మార్పిడికి ఉత్తర్వు ఉన్నదీ లేనిదీ పరిశీలించాలి. విక్రయానికి డిప్యూటీ కమిషనర్ అనుమతి చేతికి రాకముందే పూర్తి సొమ్ము చెల్లించరాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

ఏ భూముల జోలికి పోరాదు?

1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద రిజర్వు చేసిన ప్రాంతాల్లో గిరిజనేతరులు పాలనాయంత్రాంగం అనుమతి లేకుండా భూమి పొందలేరు. నికోబార్ దీవుల్లో అధికభాగం ఈ పరిధిలోనిదే. అటవీ భూముల్లో 1978 తరువాతి ఆక్రమణల తొలగింపునకు సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. అటువంటి స్థలం ఎంత చవకైనా పెట్టుబడి కాదు.

తీరప్రాంత స్థలం సురక్షితమేనా?

2019 నాటి ద్వీప తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి నిర్ణీత దూరంలో నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. దీవి విస్తీర్ణాన్ని బట్టి ఆ దూరం మారుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపంతో దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. శ్రీ విజయపురం సమీపంలోని సిప్పీఘాట్ వద్ద పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. కనుక రికార్డులోని విస్తీర్ణాన్ని పోటు సమయంలో కంటికి కనిపించే నేలతో సరిచూడాలి. నిర్మాణం భూకంపాలను తట్టుకునేలా ఉండాలి.

ఫ్లాట్ కొనేవారికి రక్షణ ఏమిటి?

దీవులు తమిళనాడు రెరా పరిధిలో ఉన్నాయి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో చేపట్టే, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లుండే ప్రాజెక్టు అక్కడ నమోదు కావాలి. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా బిల్డర్ పది శాతానికి మించి తీసుకోరాదు. స్వాధీనం నుంచి ఐదేళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాలకు బిల్డరే బాధ్యుడు.

రాబడిని ఎలా లెక్కించాలి?

సిమెంటు, ఉక్కు ఓడలపై రావాలి. తీరపు ఇసుక తవ్వకాలపై ఆంక్షలున్నాయి. పట్టణానికి ధనిఖరి జలాశయమే ప్రధాన నీటి వనరు కావడంతో వేసవిలో ఎద్దడి తప్పదు. ఉదాహరణకు 60 లక్షల రూపాయల ఇంటికి నెలకు 20 వేల అద్దె వస్తే వార్షిక రాబడి నాలుగు శాతం. రెండు నెలలు ఖాళీగా ఉండి, మరమ్మతులకు 40 వేలు ఖర్చయితే అది 2.7 శాతానికి లోపే ఉంటుంది.

వివాదం తలెత్తితే స్థానిక కోర్టులను, ఆపై కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్‌ను ఆశ్రయించాలి. సముద్రం దాటి వ్యాజ్యం నడపడం భారమే. విక్రేతతో సంబంధం లేని స్థానిక న్యాయవాది చేత పత్రాలు పరిశీలింపజేసుకున్న తరువాతే బయానా ఇవ్వడం శ్రేయస్కరం.