సిగింట్

సిగింట్ అనునది యునిక్స్, లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థలలో నడుస్తున్న ప్రోగ్రామును కీబోర్డు నుండి ఆపుటకు వాడే సంకేతము. దీని సంఖ్య 2. టెర్మినల్‌లో కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినపుడు ఇది వెలువడుతుంది. ఒక ప్రాసెస్ మరొకదానిని, అది ఇంకొకదానిని ప్రారంభించిన సందర్భాలలో సంకేతము దేనికి చేరినది, ఏది ఉపేక్షించినది అని కనుగొనుట కష్టము.

పనిచేయు విధానము

సంకేతము తల్లి ప్రాసెస్‌కు చేరి, అక్కడినుండి పిల్లలకు అందుతుందని పలువురు భావిస్తారు. ఇది సరికాదు. కెర్నెల్ దీనిని ఆ టెర్మినల్ యొక్క ముందువరుస ప్రాసెస్ సమూహములోని సభ్యులన్నింటికీ పంపుతుంది. సెట్‌సిడ్ లేదా సెట్‌పిజిఐడి ద్వారా వేరే సమూహములోనికి మారిన పిల్ల ప్రాసెస్‌కు ఇది చేరదు. కిల్ ఆదేశముతో తల్లి సంఖ్యకు పంపినపుడు తల్లికి మాత్రమే చేరుతుంది. అందువలన కీబోర్డుతో పరీక్షించినపుడు పూర్తిగా ఆగిన ప్రోగ్రాము, కిల్‌తో ఆపినపుడు పిల్లలను అనాథలుగా వదలవచ్చు. అవి పోర్టులను, ఫైలు తాళములను పట్టుకొని ఉండుట వలన ప్రోగ్రాము మరల ప్రారంభము కాకపోవచ్చు.

వారసత్వము

ఫోర్క్ సమయములో సంకేత నిర్వాహకములు పిల్లకు సంక్రమిస్తాయి. ఎగ్జెక్ తరువాత అవి తొలగి సహజస్థితి వస్తుంది. కాని ఉపేక్ష మాత్రము అట్లే కొనసాగుతుంది. షెల్ స్క్రిప్టులో నేపథ్యములో ప్రారంభించిన ఆదేశములు సాధారణముగా సిగింట్‌ను ఉపేక్షించే స్థితిలోనే మొదలవుతాయి.

పైథాన్‌లో

పైథాన్ ఈ సంకేతమును కీబోర్డ్‌ఇంటరప్ట్ అను మినహాయింపుగా మార్చి, ప్రధాన థ్రెడ్‌లో మాత్రమే లేవనెత్తుతుంది. ప్రారంభములోనే సిగింట్ ఉపేక్షించబడి ఉంటే ఈ మినహాయింపు రాదు. 2006లో విడుదలైన 2.5 కూర్పు నుండి ఇది ఎక్సెప్షన్ తరగతి క్రింద లేదు. అయినను, రకము పేర్కొనని ఎక్సెప్ట్ వాక్యము దీనిని మ్రింగివేస్తుంది.

పిల్ల సిగింట్‌ను పట్టుకొని మామూలుగా ముగిసినచో, బాష్ దానిని అంతరాయముగా పరిగణించక స్క్రిప్టులోని తరువాతి ఆదేశమును నడుపుతుంది. కనుక శుభ్రపరచు పని ముగిసిన పిదప నిర్వాహకమును సహజస్థితికి మార్చి, ప్రాసెస్ తనకు తానే సిగింట్ పంపుకొనుట సరియైన పద్ధతి. అట్లు మరణించిన ప్రాసెస్‌కు షెల్ 130 (128+2) అను స్థితిసంఖ్యను చూపుతుంది. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుండి, పట్టుకొనని కీబోర్డ్‌ఇంటరప్ట్ వలన ముగిసే ప్రోగ్రాము యునిక్స్ వ్యవస్థలలో ఇదే పద్ధతిని పాటిస్తుంది.

దోష నిర్ధారణ

* పిఎస్ ఆదేశముతో ప్రతి ప్రాసెస్ యొక్క తల్లి సంఖ్యను, సమూహ సంఖ్యను పోల్చాలి. స్థితి గడిలో + గుర్తు ముందువరుస సమూహమును తెలుపుతుంది.
* లినక్స్‌లో ప్రోక్ సంచయములోని స్టేటస్ ఫైలు, ఉపేక్షించిన సంకేతములను, పట్టుకొన్న సంకేతములను వేరువేరు వరుసలలో చూపుతుంది.
* స్ట్రేస్ పనిముట్టును -ఎఫ్ ఐచ్ఛికముతో నడిపినచో పిల్లలకు చేరిన సంకేతములు కూడ కనబడతాయి.